మూడెకరాల చేనుకు యాభై హార్స్‌పవర్ ఎందుకు?



దసరాకు మొదలైన ట్రాక్టర్ ఆఫర్లు సంక్రాంతి దగ్గరపడ్డా ఆగలేదు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చి, కాశిబుగ్గలో చాయ్ తాగుతూ కూర్చున్న ఏ నలుగురు రైతులను కదిలించినా ఇదే ముచ్చట. "జీఎస్టీ తగ్గిందట, యాభై వేలు కలిసొస్తయట, ఈసారి బండి తీస్కుంటే అయిపోతది" అంటున్నారు. తగ్గిన మాట నిజమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పన్ను కాకుండా 7 లక్షలున్న బండి మీద 49 వేలు తగ్గినట్టే.

కానీ ఆ 49 వేలు ఎక్కడికి పోతున్నాయో చూడండి. రైతు జేబులోకి రావడం లేదు. "ఎట్లాగూ తగ్గింది కదా, ఇంకో ఐదు హార్స్‌పవర్ ఎక్కువది తీసుకో" అని అమ్మేటాయన చెప్తున్నాడు, మనం తలూపుతున్నాం. తగ్గింది ధర. అప్పు తగ్గలేదు, పెరుగుతోంది. అందుకే ఈ వ్యాసం.

ముందు నా సంగతి

ఎవరినో అనే ముందు నా తప్పు ఒప్పుకుంటాను. నాకు మూడెకరాలుంది. ఎకరన్నర పత్తి, అరెకరం మిర్చి, బోరు కింద ఎకరం వరి. ఎడ్లు అమ్మేసిన తర్వాత ప్రతి పనికీ కిరాయి బండి కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. వాన పడ్డ మరునాడు అందరికీ బండి కావాలి. మన వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది. ఆ కోపంతోనే ఒక దసరాకు 50 హార్స్‌పవర్ బండి ఇంటిముందు నిలబెట్టాను. పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ఊరంతా చూసేటట్టు ఫొటో దిగాను.

నా దగ్గర ఎంత భూమి ఉంది, సాళ్ల మధ్య ఎంత ఎడం ఉంది, చేనుకు పోయే బాట ఎంత వెడల్పు ఉంది అని అమ్మినాయన ఒక్క మాట అడగలేదు. ఆయన అడిగింది పట్టాదారు పాసుపుస్తకం, జామీను సంతకం. నేనూ ఆయనను ఒక్కటే అడిగాను: "ఇంతకన్నా పెద్దది లేదా?"

మూడో ఏటికి బండి అమ్మేశాను. వచ్చిన పైసలు మిగిలిన అప్పుకు సరిపోలేదు. తక్కువపడ్డదాని కోసం ఇంటామె పుస్తెలతాడు బ్యాంకులో పెట్టాం. దాన్ని విడిపించడానికి రెండు పత్తి కాలాలు పట్టింది. ఈ మాట సంఘం మీటింగుల్లో చెప్పడానికి చాలా రోజులు సిగ్గుపడ్డాను. నా లెక్కే ఊరూరా జరుగుతోందని తెలిసిన తర్వాత సిగ్గు పోయింది.

పేపరు మీద లెక్క

పేపరు, పెన్ను తీసుకోండి. 50 హార్స్‌పవర్ బండి, రోటవేటర్, కల్టివేటర్, ట్రాలీ కలిపి 11 లక్షలు అనుకుందాం. 3 లక్షలు చేతిలోంచి కట్టి, 8 లక్షలు అప్పు తీసుకున్నాం. వడ్డీ 12 శాతం, ఐదేండ్లు, ఆరు నెలలకో కిస్తు. ఒక్కో కిస్తు సుమారు లక్షా 8 వేల 700. ఏడాదికి 2 లక్షల 17 వేలు. మూడెకరాల మీద పంచితే ఎకరాకు 72 వేల పైచిలుకు.

ఇప్పుడు పత్తి లెక్క. 2025-26కు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఎకరాకు 8 క్వింటాళ్లు తీశామనుకోండి. తేమ 12 శాతం దాటిందని తిప్పి పంపకుండా, అణా పైసలతో సహా మద్దతు ధర దక్కిందనే అనుకోండి. వచ్చేది 64,880. విత్తనం, ఎరువు, మందు, కలుపు, ఏరుడు కూలి ఏదీ తీయకముందే ఇది ట్రాక్టర్ కిస్తు కన్నా తక్కువ. ఎకరా పత్తి మొత్తం అమ్మినా ఎకరా కిస్తు తీరదు.

అదే మూడెకరాలకు ఏడాది పొడుగునా కిరాయి బండి పెట్టుకుంటే నాకు అయ్యేది ఎకరాకు 10 వేల లోపే. అంటే ఏడాదికి 30 వేల ఖర్చు తప్పించుకోవడానికి 2 లక్షల 17 వేల కిస్తు నెత్తికెత్తుకున్నాను. డీజిల్, రిపేరు, ఇన్సూరెన్స్ దానికి అదనం. మీ ఊరి కిరాయి వేరే ఉండొచ్చు. మీ అంకెలు మీరే వేసుకోండి, దారి మాత్రం ఇదే.

"కిరాయిలు తోలుకుంటే కిస్తు వెళ్తది కదా" అని అంటారు. నేనూ అదే అనుకున్నాను. వ్యవసాయ ఇంజనీర్లు ట్రాక్టర్ ఖర్చు లెక్క కట్టేటప్పుడు పదేండ్ల ఆయుష్షు, ఏటా 1000 గంటల పని అని తీసుకుంటారు. నా మూడెకరాల దుక్కి, దమ్ము, మార్కెట్‌కు ట్రాలీ అన్నీ కలిపితే 50 గంటలు దాటలేదు. మిగతా 950 గంటల పని బయట దొరకాలి. మా ఊర్లో నేను తెచ్చేనాటికి నాలుగు బండ్లున్నాయి. నన్ను చూసి ఇంకొకరు, ఆయనను చూసి మరొకరు తెచ్చారు. ఊర్లో భూమి పెరగలేదు, బండ్లు పెరిగాయి. కిరాయి రేటు పడిపోయింది. ఉన్న కిరాయి కూడా సగం ఉద్దెర. పత్తి అమ్మినంక ఇస్తానన్నవాడు చుట్టమే, గట్టిగా అడగలేం. ఫైనాన్స్ వాళ్లు మాత్రం మనకు చుట్టాలు కారు.

ఇది నా ఒక్కడి తెలివితక్కువ కాదు

2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. నూటికి సుమారు 88 కమతాలు ఐదెకరాల లోపువే. దేశంలో మాత్రం ఎక్కువగా అమ్ముడుపోయేది 41 నుంచి 50 హార్స్‌పవర్ ట్రాక్టర్లు. రెండున్నర ఎకరాల రైతుల రాష్ట్రంలో ఇరవై ఎకరాల యంత్రాన్ని అమ్ముతున్నారు, కొంటున్నాం.

చిన్న బండ్లు లేవా అంటే ఉన్నాయి. 15 హార్స్‌పవర్ మహీంద్రా యువరాజ్, 11 హార్స్‌పవర్ స్వరాజ్ కోడ్, 24 హార్స్‌పవర్ నాలుగు చక్రాల డ్రైవ్ జీవో, కుబోటా నియోస్టార్ ఇవన్నీ మార్కెట్లో ఉన్నవే. 2023 ఆగస్టు 15న మహీంద్రా వాళ్లు దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఓజా అనే తేలిక ట్రాక్టర్లను ఆవిష్కరించారు. అవి తయారయ్యేది మన జహీరాబాద్‌లోనే. తెలంగాణలో తయారైన చిన్న ట్రాక్టర్‌ను ప్రపంచమంతా అమ్ముకుంటారు, తెలంగాణ చిన్న రైతుకు మాత్రం పెద్దదే అంటగడతారు. నేను ఏ కంపెనీ బండి కొనమనీ చెప్పడం లేదు, వద్దనీ చెప్పడం లేదు. ఏ సైజు పనికొస్తుందన్నదే నా మాట.

పెద్దదే ఎందుకు నడుస్తోంది? పెద్ద బండికి అమ్మకం పెద్దది, అప్పు పెద్దది, వడ్డీ పెద్దది. అమ్మేవాడికీ అప్పిచ్చేవాడికీ అదే లాభం. ఇంతకాలం ప్రభుత్వ రాయితీలు కూడా "ఎన్ని బండ్లు పంచాం" అనే లెక్క మీదే నడిచాయి, "ఎన్ని ఎకరాలకు పని అందింది" అని కాదు. యంత్రలక్ష్మి కాలంలో రాయితీ ట్రాక్టర్ ఎవరి వాకిట్లోకి పోయిందో మీ ఊర్లో మీకే తెలుసు. పట్టా లేని కౌలు రైతుకైతే అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మన తప్పూ ఉంది. బండి సైజును బట్టి మనిషి ఇజ్జత్ కొలుస్తున్నాం. పిల్లకు సంబంధం చూసేటప్పుడు కూడా "వాళ్లింట్ల ట్రాక్టర్ ఉంది" అంటాం. ఆ ట్రాక్టర్ మీద ఎన్ని కిస్తులు బాకీ ఉన్నాయో ఎవరూ అడగరు.

చేనుకు నిజంగా కావాల్సిందేమిటి?

ఎడ్లు పోయినప్పుడు మనకు పోయింది దుక్కి ఒక్కటే కాదు. గుంటుక పోయింది. పత్తిలో, మిర్చిలో నాలుగైదు సార్లు పాటు చేసే పని పోయింది. దుక్కికి కిరాయి బండి ఎక్కడైనా దొరుకుతుంది. పత్తి నడుమెత్తు పెరిగిన తర్వాత సాళ్ల మధ్య పాటు చేసేదేది? 50 హార్స్‌పవర్ బండి మూడడుగుల సాలులో పట్టదు. అందుకే పెద్ద బండి ఇంటిముందున్నా నేను కలుపుకు కూలీలను పిలిచాను, అద్దెకు ఎడ్లను వెతికాను. గడ్డిమందు కొట్టుకోవచ్చని అనుమతి లేని పత్తి విత్తనాలు కొంటున్న రైతులు అవి కొనేది కూడా ఈ కలుపు బాధ పడలేకే. సన్న బండి, దానికి తగ్గ గుంటుక ఊర్లో ఉంటే ఆ విత్తనం దళారీకి సగం బేరం పడిపోతుంది.

రెండోది నేల. 50 హార్స్‌పవర్ బండి రెండు టన్నుల బరువు. దానికి రోటవేటర్ తోడు. ఏటా అదే లోతులో, పదును ఎక్కువున్నప్పుడు కూడా తిప్పితే పైన మెత్తగా కనిపిస్తుంది కానీ కింద నేల గట్టిబడుతుంది. వేరు దిగదు, వాన నీరు ఇంకదు. గట్టి వాన పడితే పత్తి చేను జాలువారడానికి ఇదీ ఒక కారణం. 15 హార్స్‌పవర్ బండి టన్నుకు లోపే తూగుతుంది.

చిన్న బండి గురించి అబద్ధం చెప్పను

చిన్న బండి అన్ని పనులూ చేయదు. ఎండాకాలం నల్లరేగడిలో లోతు దుక్కి దాని వల్ల కాదు. నాలుగు టన్నుల ట్రాలీ కట్టి ఎనుమాములకు లాగిద్దామంటే ప్రమాదం. లాగడం ఒక ఎత్తు, ఆపడం ఇంకో ఎత్తు. లోతు బురదలో దమ్ముకు 15 హార్స్‌పవర్ చాలదు. 24 నుంచి 28 మధ్య, నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నదైతే నడుస్తుంది. ఎకరాకు డీజిల్ ఖర్చులో కూడా అంత పెద్ద తేడా ఉండదు. చిన్నది గంటకు తక్కువ తాగుతుంది కానీ పనికి ఎక్కువసేపు తీసుకుంటుంది. తేడా అంతా కిస్తులో ఉంది, సాళ్ల మధ్య పనిలో ఉంది.

కాబట్టి లోతు దుక్కికి, ట్రాలీకి, పత్తి కట్టె నలగ్గొట్టడానికి పెద్ద బండిని కిరాయికి పిలవండి. అది ఏడాదికి రెండు మూడు సార్ల పని. నెలనెలా ఉండే పనికి పనికొచ్చే యంత్రాన్నే సొంతం చేసుకోండి. పెండ్లికి కావాల్సిన గుండిగలు ఎవరూ ఇంట్లో కొనిపెట్టుకోరు కదా, కిరాయికి తెచ్చుకుంటారు.

కొనక తప్పదంటే చూసుకోవాల్సినవి

మా కమిటీలో పదిమంది అనుభవం కలిపి ఈ మాటలు రాస్తున్నాను.

1. ఐదెకరాల లోపు ఒంటరిగా, అప్పు మీద ఏ ట్రాక్టరూ కొనకండి. చిన్నది కూడా వద్దు. ఐదు నుంచి పదెకరాలు నీటి వసతితో ఉంటే 20 నుంచి 28 హార్స్‌పవర్ సరిపోతుంది. పదెకరాలు దాటి, బయట కిరాయి ఖాయంగా ఉంటేనే 35 నుంచి 45 గురించి ఆలోచించండి.

2. షోరూముకు పోయేముందు టేపు పట్టుకొని చేనుకు పొండి. సాళ్ల ఎడం, బాట వెడల్పు, ఒడ్డు మలుపు కొలిచి రాసుకోండి. చక్రాల మధ్య దూరం ఎంతవరకు తగ్గించవచ్చో అమ్మేవాడిని అడగండి.

3. ఇంజన్ హార్స్‌పవర్ ఒక్కటి విని రాకండి. రోటవేటర్‌ను తిప్పేది పీటీవో పవర్. అది మామూలుగా ఇంజన్ పవర్‌లో 85 శాతం చుట్టుపక్కల ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో కేంద్ర ప్రభుత్వ ట్రాక్టర్ పరీక్షా సంస్థ ఉంది. ఆ పరీక్ష నివేదిక చూపించమనండి. పీటీవో పవర్, బరువు, లిఫ్ట్ ఎంత ఎత్తుతుందో అన్నీ అందులో ఉంటాయి.

4. పనిముట్టు బండికి తగ్గట్టు ఉండాలి. మూడడుగుల రోటవేటర్‌కు 15 నుంచి 20, నాలుగడుగులకు 24 నుంచి 28, ఐదడుగులకు 35 నుంచి 40, ఆరడుగులకు 45 పైన కావాలి. రోటవేటర్ వెడల్పు వెనక టైర్ల బయటి అంచులకన్నా తక్కువైతే టైరు తొక్కిన జాడ అట్లాగే మిగిలిపోతుంది.

5. మండలంలో మెకానిక్ ఉన్నాడా, సామాను దొరుకుతుందా కనుక్కోండి. దమ్ము రోజుల్లో వారం ఆగిన బండి వారం పంటను ఆపుతుంది.

6. సిమెంటు రోడ్డు మీద నడిపి చూపిస్తే నమ్మకండి. మీ చేనులో, మీ పదునులో, పనిముట్టు కట్టి నడిపించమనండి.

7. ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టకండి. ధర, వడ్డీ, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ విడివిడిగా రాయించుకోండి. ఇంటామెకు తెలియకుండా జామీను పెట్టకండి. చివరికి తాకట్టుకు పోయేది ఆమె మెడలోని బంగారమే.

పదిమంది కలిస్తే లెక్క మారుతుంది

24 హార్స్‌పవర్ బండి, దానికి తగ్గ రోటవేటర్, గుంటుక, మందు కొట్టే పంపు కలిపి ఆరున్నర లక్షలు అనుకుందాం. లక్షన్నర కట్టి 5 లక్షల అప్పు. అదే వడ్డీకి ఏడాదికి లక్షా 36 వేలు. మూడెకరాల రైతు ఒక్కడే మోస్తే ఎకరాకు 45 వేలు. ఇదీ మోయలేని బరువే. పక్కపక్క చేన్ల రైతులు పదిమంది, ముప్పై ఎకరాలతో కలిస్తే ఎకరాకు సుమారు 4,500. డీజిల్, డ్రైవర్ కూలి కలిపినా కిరాయి ఖర్చు దగ్గరే ఆగుతుంది. పాటు కూలి మిగులుతుంది. ఐదేండ్ల తర్వాత బండి అప్పు లేకుండా పదిమందిదవుతుంది.

"వాన పడ్డరోజు ఎవరి చేనుకు ముందు?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కలిసి కొన్న యంత్రాలు చాలా చోట్ల ఈ పంచాయితీతోనే మూలకు పడ్డాయి. మొదటి ఏడు చీటీలు వేసి వరుస రాసుకోండి. మరుసటి ఏడు వరుసలో మొదటివాడు చివరికి పోవాలి. గంటల పుస్తకం ఒకరి చేతిలో, డబ్బుల పుస్తకం ఇంకొకరి చేతిలో ఉండాలి. ఉద్దెర ఉండకూడదు, అధ్యక్షుడి చేనుకైనా సరే.

సర్కారు చేయాల్సింది

2014-15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో ఊరి స్థాయి యంత్ర బ్యాంకులకు, రిజిస్టరైన రైతు సంఘాలకు 80 శాతం వరకు సాయం అని రాసి ఉంది. అది నిజంగా అందితే పై లెక్కలో ఆరున్నర లక్షలకు పదిమంది కట్టాల్సింది లక్షా 30 వేలే, మనిషికి 13 వేలు. అప్పే అక్కర్లేదు. కాగితం మీదున్నది ఊరికి రావాలంటే రాష్ట్రం నిధులు విడుదల చేయాలి, దరఖాస్తుల వరుస అందరికీ కనిపించేటట్టు గోడకు పెట్టాలి.

2020 అక్టోబర్ 31న మన ఉమ్మడి వరంగల్‌లోని కొడకండ్లలో మొదటి రైతు వేదిక తెరిచారు. రాష్ట్రమంతా 2,601 కట్టారు. మీటింగు ఉన్నరోజే తెరిచే హాలుగా అవి మిగలకూడదు. ప్రతి రైతు వేదిక దగ్గర, సహకార సంఘం చేతిలో రెండు చిన్న ట్రాక్టర్లు, గుంటుకలు, విత్తనం వేసే యంత్రం ఉండాలి. గంటకు కిరాయి ఎంతో బోర్డు మీద రాయాలి. కౌలు రైతుకు పట్టా అడగకుండా ఇవ్వాలి. మొత్తం పల్లె ప్రగతి కింద 12,769 పంచాయతీలకూ చెత్త మోయడానికి తలా ఒక ట్రాక్టర్ సమకూర్చుకున్న రాష్ట్రానికి, పంట పండించే చేనుకు ఈ మాత్రం చేయడం పెద్ద పనేమీ కాదు.

ఒంటరి రైతుకు పెద్ద ట్రాక్టర్ అప్పు ఇచ్చే ముందు అతని ఎకరాలు, అతని ఆదాయం ఆ కిస్తును మోయగలవా అని చూసే బాధ్యత అప్పిచ్చేవాడిది కూడా. చూడకుండా ఇచ్చి, కిస్తు తప్పినప్పుడు కల్లం మీదికి వచ్చి బండి గుంజుకుపోయే పద్ధతి ఆగాలి. అట్లా వచ్చినప్పుడు ఒంటరిగా కాగితాల మీద సంతకాలు పెట్టకండి. ముందు గ్రామ కమిటీకి కబురు చేయండి.

వచ్చే నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ఒక్క పని చేద్దాం. ఊర్లో ఎన్ని ట్రాక్టర్లున్నాయి, ఏవి ఎన్ని హార్స్‌పవర్, ఎన్ని కిస్తుల్లో ఉన్నాయి, ఏ పనికి ఎంత కిరాయి నడుస్తోంది అన్నీ ఒక పుస్తకంలో రాద్దాం. కలిసి కొనడానికి సిద్ధంగా ఉన్న పదిమంది పేర్లు కింద రాద్దాం. ఆ పుస్తకాలన్నీ పట్టుకొని మిర్చి సీజన్ మొదలయ్యేలోపు కలెక్టరేట్‌కు పోదాం. నా పేరు మా ఊరి పుస్తకంలో మొదటగా రాశాను. ఇంకా తొమ్మిది కావాలి.